డిలే() కొత్తవాళ్లకు అసలు చూపించకూడదా?

కొత్తబోర్డు: ఆర్డుయినో యూనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు మీద డీఎస్18బీ20 సెన్సర్‌తో నీటి వేడి చదువుతున్నాను. బటన్ నొక్కితే రిలే (కరెంటుతో నడిచే స్విచ్) ఆగాలి. మళ్లీ మళ్లీ నడిచే లూప్ చివర డిలే(1000) ఉంది, అంటే ప్రోగ్రాం అక్కడ ఒక సెకను ఆగుతుంది. ఒక్కోసారి బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే గానీ ఆగడం లేదు. బటన్ పాడైందా?

రిజిస్టర్: బటన్ బాగానే ఉంది. డిలే నడుస్తున్నంతసేపూ లూప్ బటన్ కలిపిన పిన్ వైపు చూడదు. తీసేసి మిల్లీస్() పెట్టండి, బోర్డు మొదలయ్యాక ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో అది చెబుతుంది. అసలు ఈ డిలేని కొత్తవాళ్లకు చూపించనే కూడదు.

ఓపిక: తీసేసినా పూర్తిగా తీరదండీ. ఆ సెన్సర్ 12 బిట్లలో కొలవడానికి 750 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. సెన్సర్‌ని చదివే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) మామూలుగా అంతసేపూ అక్కడే ఆగిపోతుంది. అలా ఆగకుండా సెట్‌వెయిట్‌ఫర్‌కన్వర్షన్(ఫాల్స్) కూడా పెట్టాలి. ఇక "అసలు చూపించకూడదు" అన్నారే, అది నేను ఒప్పుకోను. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్‌కు 10 మైక్రోసెకన్ల పల్స్ ఇవ్వడానికి కూడా మిల్లీస్ వాడతారా?

రిజిస్టర్: నేను సెకన్ల డిలే గురించి చెబుతుంటే మీరు మైక్రోసెకన్లు తెస్తారేంటి?

ఓపిక: "అసలు" అన్నది మీరే కదా.

పుల్లప్: బటన్ బౌన్స్ (నొక్కగానే కాంటాక్టు కాసేపు అదరడం) తగ్గడానికి కాస్త ఆగితే నష్టమేంటి?

రిజిస్టర్: అలాగే మొదలవుతుంది! ఇంకొకరు రాసిన యంత్రం కోడ్ ఒకటి నా నెత్తిన పడింది. అందులో డిలే(3000). స్టాప్ నొక్కాక కూడా మూడు సెకన్ల దాకా బెల్ట్ తిరిగేది. రాసినాయన వెళ్లిపోయాడు, మాటలు పడింది నేను.

ఓపిక: అది ఘోరమే. కానీ ఎమర్జెన్సీ స్టాప్ మోటారు కరెంటును నేరుగా తెంచాలి, కోడ్‌ని నమ్ముకోకూడదు. మిల్లీస్‌తో రాసినా ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుంటే అదే గతి.

రిజిస్టర్: మళ్లీ మాట మారుస్తున్నారు. వైరింగ్ సంగతి ఎవరడిగారు? ఇక్కడ ఎవరు డిలే మీద మాటన్నా మీకు పడదు.

సీరియల్9600: ఇద్దరూ కాస్త తగ్గండి. మిల్లీస్ దాదాపు 49.7 రోజులకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అదీ చెప్పండి.

రిజిస్టర్: ఇప్పటి సమయంలోంచి పాత సమయం తీసేసి వ్యవధితో పోల్చండి. అన్నీ అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని పెద్ద పూర్ణసంఖ్యల రకం) అయితే ఏమీ కాదు. పాతదానికి వ్యవధి కూడి పోల్చితేనే తంటా.

ఓపిక: చూశారా, ఇదంతా మొదటి రోజు చెప్పాలంటారు. నేను పిల్లలకు నేర్పుతాను. తాము రాసిన నాలుగు లైన్లకు ఎల్ఈడీ వెలిగి ఆరితే వాళ్ల ముఖాలు చూడాలి. ఈ తీసివేతలతో మొదలుపెట్టిన బ్యాచ్‌లో చాలామంది బోర్డు పక్కన పెట్టేశారు.

రిజిస్టర్: వాళ్లే రేపు ఆ అలవాటుతో ఉద్యోగానికొస్తారు. నా బాధ అది. రెండు ఎల్ఈడీలను వేర్వేరు వేగాలతో వెలిగించమని ఎప్పుడడుగుతారు?

ఓపిక: రెండో వారంలో.

రిజిస్టర్: ఆలస్యం. మొదటి క్లాసులోనే అడగాలి. డిలేతో ఎక్కడ ఇరుక్కుంటారో వాళ్లకే తెలుస్తుంది.

ఓపిక: అయితే మొదటి క్లాసులో డిలే చూపించాలిగా? మన గొడవ చూపించాలా వద్దా అని కాదు, డిలే నుంచి మిల్లీస్‌కు ఎప్పుడు దాటించాలన్నదే. నేను మాత్రం వారం ఆగుతాను.

రిజిస్టర్: నేను ఆగను.

కొత్తబోర్డు: మీరిద్దరూ చెప్పినవి చేశాను, బటన్ వెంటనే పని చేస్తోంది. కానీ మొదటి రీడింగ్ 85 డిగ్రీలు చూపిస్తోంది!

ఓపిక: కరెంటు రాగానే సెన్సర్‌లో ఉండే విలువ అది. కొలత పూర్తికాకముందే చదువుతున్నారు. కొలత అడిగిన క్షణాన్ని దాచుకుని, 750 మిల్లీసెకన్లు దాటాకే చదవండి.