స్లాటా, చీటీనా? మళ్లీ కొరత వస్తే నెల్లూరులో టీకా ముందు ఎవరికి?

పెన్నాగట్టు
మొన్న బీరువా సర్దుతుంటే 2021 నాటి కోవిడ్ టీకా చీటీ ఒకటి బయటపడింది. అరచేతిలో సగం ఉంటుంది. బాల్‌పెన్నుతో అమ్మ పేరు, పక్కన "రెండో డోసు", కింద "9–10". అంతే. దాని కోసం ఎన్ని రోజులు తిరిగానో గుర్తొచ్చి అడుగుతున్నా. మళ్లీ ఏదైనా మాయరోగం వచ్చి టీకాలు చాలకపోతే పట్నంలో ఎట్ట పంచాలి? ఫోన్‌లో ముందు బుక్ చేసుకున్నవాళ్లకా, వార్డు సచివాలయం ఇంటింటి లిస్టు ప్రకారమా?

నా ఓటు లిస్టుకే. ఫోన్ పద్ధతిలో బాగుపడింది నాబోటివాళ్లే కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. 18 దాటినవాళ్లకు 2021 మే 1 నుంచి అన్నారు, కానీ ఆన్‌లైన్‌లో రిజిస్టర్ అయితేనే. టీకా బుక్ చేసుకునే కొవిన్ వెబ్‌సైటు అప్పట్లో అంతా ఇంగ్లీషు. జిల్లా ఎంచుకోమంటే ఎన్ అక్షరం దగ్గర నెల్లూరు లేదు. పైకీ కిందికీ పది సార్లు తిప్పాక తెలిసింది, ఎస్ దగ్గర "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు" అని ఉంది. డిగ్రీ చదివిన నాకే ఇంతసేపు పట్టింది. మా వీధి చివర ఇడ్లీ బండి ఆమె ఆ పేరు వెతికి, ఓటీపీ కొట్టి, వంకర అక్షరాలు చూసి టైప్ చేసేలోపు స్లాట్లు ఉంటాయా?

దర్గామిట్ట దోసె
అన్నా, నీ చీటీ బాగానే ఉంది. మాకు ఆ చీటీ రాలేదు. మేం అప్పట్లో బాలాజీనగర్‌లో అద్దెకుండేవాళ్లం, రేషన్ కార్డు ఉదయగిరిలో. వార్డు లిస్టులో మా పేర్లే లేవు. నాన్నకు 63, షుగరు. అడిగితే "మీ ఊళ్లోనే వేయించుకోండి" అన్నారు. లాక్‌డౌన్ కర్ఫ్యూలో ఉదయగిరికి ఎట్ట పోవాలి? ఇంటి ఓనరు వాళ్ల అల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చి మరీ చీటీ తీసుకున్నాడు. ఎవరినీ పేరు పెట్టి అనడం లేదు. కానీ చీటీ రాసే చేయి ఎవరిదో వాళ్లను బట్టే చీటీ వస్తుంది. కంప్యూటరు నువ్వెవరి మనిషివని అడగదు. నా ఓటు స్లాటుకే.

రిటైర్డ్ సూదక్క
ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే వీధుల్లో తిరిగి టీకాలేసే నర్సుగా చేశాను. ఇద్దరూ సగం సగమే చెప్తున్నారు.

కోవిషీల్డు సీసాకు పది డోసులు. మూత తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, లేదంటే పారబోయాలి. సాయంత్రం నాలుగున్నరకు ముగ్గురొచ్చి నిలబడ్డారనుకోండి, సీసా తెరవాలా వద్దా? తెరిస్తే ఏడు డోసులు మురిక్కాలువలో పోసినట్టే. తెరవకపోతే ఆ ముగ్గురూ తిట్టుకుంటూ పోతారు. అందుకే పక్క వీధికి ఫోన్ చేసి, "ఎవరున్నారో పంపండమ్మా, తొందరగా" అనేవాళ్లం. మేం ఫోన్ చేసేది ఎవరికి? నంబరు తెలిసినవాళ్లకే కదా. అదే తర్వాత "తెలిసినోళ్లకు వేశారు" అయి కూర్చుంది. కొంత నిజమే. కావాలని చేసినవాళ్లూ ఉన్నారు, కాదనను.

ఇంకో మాట. 2021 జూన్‌లో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందు వేయమన్నారు. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో కొవిన్‌కు ఎట్ట తెలుస్తుంది? ఆశా కార్యకర్త దగ్గరుండే రిజిస్టరుకు తెలుసు. అదే నెల 20న ఒక్క రోజులో రాష్ట్రమంతా 13 లక్షలకు పైగా డోసులు వేశారు. అది స్లాట్లతో అయిన పనా? వీధుల్లో తిరిగి జనాన్ని పిలుచుకొచ్చిన పని.

ముత్తుకూరు రోడ్డు
అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2021 మే నెలలో కృష్ణపట్నానికి వేలల్లో జనం ఎందుకు పోయారు? అక్కడ ఆనందయ్య కోవిడ్‌కని ఇచ్చిన నాటుమందు పనిచేసిందా లేదా అనే గొడవ నాకొద్దు. అక్కడ ఓటీపీ లేదు, ఆధార్ లేదు, డబ్బు లేదు. మనిషి పోతే మనిషికి ఇస్తారు. ఆస్పత్రిలో బెడ్డు లేదు, సూది లేదు అని పది చోట్ల చెప్పించుకున్నవాడికి "రా" అన్న చోటు అదొక్కటే. కావలి నుంచి, ఒంగోలు నుంచి అంబులెన్సులు కట్టించుకుని వచ్చారు.

రిటైర్డ్ సూదక్క
తమ్ముడూ, వచ్చినవాళ్లలో జ్వరంతో ఉన్నవాళ్లెంతమంది, వాళ్ల పక్కన ఒరుసుకుని నిలబడ్డ మామూలువాళ్లెంతమంది? ఆ తొక్కిసలాట చూసే కదా 21న ఆపించారు. నెలాఖరున మళ్లీ ఒప్పుకున్నా కంట్లో చుక్కల మందు మాత్రం వద్దన్నారు. "రా" అని అందరినీ ఒకేసారి పిలవడం కూడా న్యాయం కాదు. కాళ్లలో సత్తువ ఉన్నవాడే ముందుకు పోతాడు. మంచం మీద ఉన్నవాళ్లు అక్కడా వెనకే.

మంచం అంటే గుర్తొచ్చింది. టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. నడవలేనివాళ్లకు ఇంటికెళ్లి వేయొచ్చని కేంద్రం చెప్పింది సెప్టెంబరు 23న. ఎనిమిది నెలలు! ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బా భుజాన వేసుకుని పిల్లల టీకాలకు మేం వీధులన్నీ తిరుగుతూనే ఉన్నాం ఎప్పట్నుంచో. ముసలమ్మ ఇంటికి ఆ డబ్బా ఎందుకు పోకూడదో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఒంగోలు గిత్త
నెల్లూరోళ్ల మధ్య దూరుతున్నా, ఏమనుకోకండి. మీరంతా టీకా దగ్గరే ఆగారు. 2020లో మా దగ్గర అసలు పేచీ టెస్టు. రాష్ట్రంలో మొదటి కేసు మీ నెల్లూరుదే, మార్చి 12న ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడిది. మేం అప్పుడు నవ్వుకున్నాం. వారం తిరక్కుండా లండన్ నుంచి వచ్చినాయనతో మాకూ మొదలైంది.

సంజీవని బస్సు మా వీధి మొదట్లో నిలబడేది. టెస్టు ఫ్రీ. అయినా ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. ఎందుకంటే పాజిటివ్ వస్తే వీధికి అడ్డంగా కర్రలు కట్టేస్తారు. మా వీధిలో సగం మంది బేల్దారి పని. ఒక్కడికి ముక్కులో పుల్ల పెడితే నలభై ఇళ్లకు కూలి పోతుంది. మొదట అడ్డు కట్టిన రోజు ఆ ఇంటి మీదకు గొడవకు పోయారు కూడా, జ్వరంతో ఉన్న మనిషిని పట్టుకుని.

తర్వాత కుర్రాళ్లు నలుగురు చందాలెత్తారు. రోజూ ఆరింటికి ఆ కర్రల దగ్గర పాల ప్యాకెట్లు, కూరగాయల సంచులు, ఒక ఇంటికి గ్యాస్ బండ. సంచి మీద స్కెచ్ పెన్నుతో ఇంటి నంబరు. పేర్లు రాయలేదు, అది మా నాయనమ్మ సలహా. రెండో వారానికి జనం తమంతట తామే బస్సెక్కడం మొదలుపెట్టారు. లిస్టా స్లాటా అని మీరు కొట్టుకోండి గానీ, పద్నాలుగు రోజుల తిండికి ఎవరు పూచీ అన్నది ముందు తేల్చండి.

పెన్నాగట్టు
గిత్తన్నా, ఒప్పుకున్నా. అయితే తిండి సంచి ఏ ఇంటికి పోవాలో చెప్పడానికి కూడా మళ్లీ లిస్టే కావాలి కదా!

దోసెగారూ, మీ నాన్నగారి సంగతి చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. రేషన్ కార్డు లిస్టు కాదు, రాత్రి ఎక్కడ పడుకుంటారో ఆ లిస్టు కావాలి. అద్దె ఇళ్లు, హాస్టళ్లు, షాపుల వెనక పడుకునే పనివాళ్లు అందరూ అందులో రావాలి. ఆ లిస్టు సచివాలయం గోడకు అతికించాలి, వరుస నంబర్లతో. ఎవరిని ముందుకు జరిపినా కనిపించిపోతుంది.

దర్గామిట్ట దోసె
గోడ మీద పేరు, వయసు, షుగరు అన్నీ రాస్తారా? వీధంతా చదువుకోవడానికా? గిత్త వాళ్ల నాయనమ్మకున్న తెలివి మనకు లేకపోతే ఎట్ట?

పెన్నాగట్టు
పేరొద్దు. డోర్ నంబరు, ఎంతమందికి టీకా రావాలి, అంతే.

ముత్తుకూరు రోడ్డు
రాసేదెవరు? అప్పట్లో ఇంటింటికీ తిరిగిన వార్డు వాలంటీర్లు ఇప్పుడు లేరు. సచివాలయంలో ఉన్నవాళ్లకు సర్వేల మీద సర్వేలు. అదీగాక 2021 జూన్‌లోనే ప్రైవేటులో కోవిషీల్డు 780, కోవాగ్జిన్ 1410 అని రేటు కట్టారు. డబ్బున్నవాడు మీ గోడ వైపు చూడనే చూడడు. ఆ డోసులు కూడా మీ లిస్టులోకి తెస్తారా?

పెన్నాగట్టు
తేవాలనే నా కోరిక. తెస్తారని నమ్మకం లేదు.

దర్గామిట్ట దోసె
సరే, పేరు లేకుండా డోర్ నంబరైతే నాకూ ఓకే. ఒక్క చిక్కు. మాది వెనక పోర్షన్. సందులోంచి పోవాలి, డోర్ నంబరు ఓనరుదే. పైన రేకుల గదిలో ముగ్గురు బీహార్ కుర్రాళ్లు, వాళ్లకు అదీ లేదు. మీ గోడ మీద మేం ఏ నంబరు?

రిటైర్డ్ సూదక్క
అబ్బయా, దానికి కంప్యూటరు అక్కర్లేదు. పోలియో చుక్కలకు పోయినప్పుడు గుమ్మం పక్కన సుద్దముక్కతో రాసేవాళ్లం. మేం వేసుకున్న ఇంటి నంబరు, తేదీ, ఎటువైపు పోయామో బాణం. వెనక పోర్షన్ ఉంటే దానికి వేరే నంబరు. పిల్లలందరికీ చుక్కలు పడితే పీ అని, ఒక్క బిడ్డ తప్పిపోయినా ఎక్స్ అని. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్లీ పోవాల్సిందే, పోకపోతే సూపర్‌వైజరు వచ్చి గోడ చూసి తిట్టేవాడు. రేకుల గదైనా, గుడిసైనా, వంతెన కింద డేరా అయినా అంతే. కోవిడ్‌లో మాకు ట్యాబులిచ్చారు, సుద్దముక్క ఇవ్వలేదు.

పెన్నాగట్టు
అక్కా, మూలాపేటలో మా పాత ఇంటి గుమ్మం పక్కన అలాంటి రాత ఇంకా ఉంది. వెల్ల వేసినా పూర్తిగా పోలేదు. రేపు అటు పోతున్నా, ఫోటో పెడతా. అది పీనో ఎక్సో మీరే చెప్పాలి.