హాస్టల్‌లో చేరి 20 రోజులే, అప్పుడే జ్వరం. మీ పిల్లలకూ ఇలాగే అయిందా?

ఖమ్మం_అమ్మ:
మా అబ్బాయిని ఆగస్టులో హైదరాబాద్‌లో బీటెక్‌లో చేర్పించాం. నిన్నటి నుంచి 102 జ్వరం. గదిలో నలుగురుంటే ముగ్గురు మంచం మీదే ఉన్నారట. మా అత్తగారు కొత్త నీళ్ళు పడలేదంటున్నారు. ఇంటికి తెచ్చుకోమంటారా, అక్కడే చూపించాలా?

మూడో_ఇయర్:
మాకూ అంతే ఆంటీ. ఒక్కో జిల్లా నుంచి ఒక్కొక్కరు వచ్చి ఒకే గదిలో పడుకుంటాం. ఒకడికి జలుబు చేస్తే వారంలో ఫ్లోరంతా దగ్గే. రాత్రి రెండింటి దాకా నిద్ర ఉండదు, పొద్దున టిఫిన్ ఉండదు. మొదటి నెలలో నేను నాలుగు కిలోలు తగ్గాను. మెస్ సాంబారు గురించి చెప్పాలంటే వేరే చర్చ పెట్టాలి.

ల్యాబ్_22ఏళ్ళు:
నీళ్ళు పడకపోవడమంటూ ఏమీ లేదు. తాగేనీళ్ళలో మురుగు కలిస్తే టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. ఒక్క విడాల్ టెస్టు (రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీలు చూసే పరీక్ష) చూసి టైఫాయిడ్ అంటే నమ్మకండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) చేయించాలి. 22 ఏళ్ళుగా చూస్తున్నాను.

నెల్లూరు_నాన్న:
మా అమ్మాయికి విడాల్‌లోనే బయటపడింది. మందులు వాడితే ఐదు రోజుల్లో తగ్గింది. డాక్టరు రాసిందాన్ని తప్పనడానికి మీరెవరండీ?

ల్యాబ్_22ఏళ్ళు:
తగ్గినంత మాత్రాన అది టైఫాయిడే అవ్వాలని లేదు. మామూలు వైరల్ జ్వరమైనా ఆపాటికి తగ్గుతుంది. పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నా, కొన్ని రకాల టైఫాయిడ్ టీకాలు వేయించుకున్నా విడాల్ పాజిటివ్ రావచ్చు.

నెల్లూరు_నాన్న:
జ్వరంతో పిల్ల ఏడుస్తుంటే కల్చర్ రిపోర్టు కోసం మూడు రోజులు కూర్చోమంటారా? మీ పిల్లలైతే తెలిసేది.

ల్యాబ్_22ఏళ్ళు:
నా కొడుకూ హాస్టల్‌లోనే ఉన్నాడు సార్. కూర్చోమనలేదు, ముందు రక్తం తీయించమన్నాను. వాణ్ణి పంపే ముందే టైఫాయిడ్ టీకా వేయించాను. మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది, ఒక్క డోసు.

విజయవాడ_పిన్ని:
టైఫాయిడ్ గొడవ ఆపండి, ఇది డెంగీ కాలం. ఆ దోమ పగలే కుడుతుంది. మేడ మీద మూతలేని ట్యాంకు, కూలర్‌లో నిలవ నీళ్ళు చాలు దానికి. మా అక్క కొడుక్కి ఐదో రోజు జ్వరం దిగితే తగ్గిపోయిందని క్లాసుకి వెళ్ళాడు. సాయంత్రానికి కడుపునొప్పి, వాంతులు. ఐసీయూలో పెట్టారు. జ్వరం దిగాకే అసలు ప్రమాదమని మాకెవరూ చెప్పలేదు. ఖమ్మం అమ్మగారూ, ఈరోజే డెంగీ రక్తపరీక్ష ఎన్‌ఎస్1 చేయించండి. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయనివ్వకండి.

లీడ్స్_తెలుగు:
యూకేలో సెప్టెంబరులో కొత్త విద్యార్థులకు వచ్చే ఇలాంటి జలుబు, జ్వరాన్ని ఫ్రెషర్స్ ఫ్లూ అనే పిలుస్తారు. మా రూమ్మేట్‌కి జ్వరం, మెడ బిగుసుకుపోవడం ఉంటే ఫ్లూ అనుకున్నాం. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అని తేలింది, సమయానికి వైద్యం అంది బతికాడు. ఇక్కడికి కొత్తగా చదువుకు వస్తున్న 25 ఏళ్ళలోపు వాళ్ళు మెనింజైటిస్ రాకుండా వేసే మెన్‌ఏసీడబ్ల్యూవై టీకా వేయించుకోండి. ముందు వేయించుకోకపోతే ఇక్కడ ఉచితంగా వేస్తారు.

నెల్లూరు_నాన్న:
మా అమ్మాయి జనవరిలో అక్కడికే వస్తోంది. ఆ టీకా ఇండియాలో వేయించుకున్నా చెల్లుతుందా?

ఖమ్మం_అమ్మ:
ఎన్‌ఎస్1 పాజిటివ్. ప్లేట్‌లెట్లు 1,10,000కి తగ్గాయి. మా ఆయన బస్సెక్కారు, అక్కడే అడ్మిట్ చేస్తారట. మిగతా ఇద్దరు పిల్లల ఇళ్ళకి ఫోన్ చేసి చెప్పాను, వాళ్ళకీ టెస్టు చేయిస్తున్నారు. వార్డెన్ మాత్రం ఫోన్ ఎత్తట్లేదు.