కాన్పు గదిలోకి మొగుడు పోవాల్నా వద్దా?

బురుజు కాడ: పోయిన నెల మాకు పాప పుట్టింది, కర్నూల్లోనే, ప్రైవేటు ఆసుపత్రి. పదకొండు గంటలు ఆమె పక్కనే నిలబడినా. నొప్పి వచ్చినప్పుడల్లా నా మణికట్టు పట్టుకునేది, గాజులు తీయించినారు గానీ గోళ్లు ఉండాయి కదా, ఆ గాట్లు వారం మానలేదు. లోపలికి ఒకరినే పంపిస్తారంట, మా అత్త ఫ్లాస్కు పట్టుకోని బయట బెంచీ మీద కూర్చుంది. ఆ గదిలోంచి వచ్చినాక నేను వేరే మనిషినప్పా. ఇప్పుడు కాళ్లు చాపి పాపను పడుకోబెట్టుకోని నీళ్లు పోసేది నేనే. మా నాయన నన్ను మూడో నెలలో చూసినాడంట. లోపలుండి చూసినోడే అసలు నాయన అంటా నేను.

లోడు బండి: అంటే మేమంతా డూప్లికేటు నాయనలమా? మా ఆమె తొలి కాన్పుకు పుట్టిల్లు జమ్మలమడుగు పోయింది, ఆ రోజు నేను సిమెంటు లోడుతో హుబ్లీ కాడుండా. ఏడుపు ఫోన్లో విన్నా. ఇప్పుడు వానికి నాలుగేండ్లు, నేను ఇంట్లో ఉంటే వాళ్లమ్మ కాడ పండుకోడు.

జీవో గుమాస్తా: చిన్న సవరణ. సర్కారాసుపత్రుల్లో కూడా కాన్పుకు ఒకరు తోడుండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. తనకు కాన్పు అయిన ఆడమనిషి అయ్యుండాల, చాటు ఉండే చోట భర్తను రానియ్యొచ్చు.

లోడు బండి: నిన్నెవరడిగినారు సామీ.

జీవో గుమాస్తా: చాటు అంటే పరదా చాలా, గది వేరే ఉండాల్నా? అదీ ఇక్కడ పాయింటు.

ఉగ్గాని బజ్జి: నాకు అనంతపురంలో అయింది. మంచం పక్కన మంచం, మధ్యలో పరదా గూడ లేదు. పక్క మంచమామె మొగుడు లోపలికొస్తే నేనెట్ల ఒప్పుకుంటా?

చెనిక్కాయల అక్క: మా ఆయన రెండో కాన్పుకు లోపలుండాడు. ఏడ్చినాడు, ఊరంతా చెప్పుకున్నాడు. సర్కారు ఉద్యోగి, 15 రోజులు పెటర్నిటీ లీవు పెట్టినాడు, ఆ 15 రోజుల్లో ఇంటికి సున్నం కొట్టించినాడు. రాత్రి రెండింటికి బిడ్డ లేస్తే మాత్రం దుప్పటి ముసుగే.

బురుజు కాడ: నేనట్లోన్ని కాదక్కా. 2011లో ఫిలిప్పీన్స్ పరిశోధన ఒకటి వచ్చింది, నాయన అయినాక మగోళ్లకు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను తగ్గుతుందంట, రోజుకు మూడు గంటలకు పైన బిడ్డను చూసుకునేటోళ్లకు ఇంకా తక్కువంట. ఒళ్లే మారిపోతాది.

లోడు బండి: చూసుకుంటే అనే గదా రాసినారు? కాన్పు గదిలో నిలబడితే అని రాయలేదే.

బురుజు కాడ: నువ్వు లేవు కాబట్టి నీకు మంట అన్నా, ఒప్పుకో.

లోడు బండి: ఔ, మంటే. మా మామ ఫోన్ చేసి నువ్వొచ్చి ఏం చేస్తావు బాడిగ చూసుకో అన్నాడు, నా పెండ్లాం గూడ రమ్మన్లా, నేనూ అడగలా. ఐదో నెలలో ఇంటికి తెచ్చుకున్నాక ఎత్తుకుంటే నన్ను చూసి కొత్తోడని గుక్కపట్టి ఏడ్చినాడు నా కొడుకు. గది లోపల ఉంటే ఆ ఏడుపు తప్పేదా? ఆ ఐదు నెలలు ఎవురిస్తారు నాకు?

ఉగ్గాని బజ్జి: 🙏

చెనిక్కాయల అక్క: తమ్ముడూ, బురుజూ, ఒకటి అడుగుతా. లోపలికి ఒకరే అన్నప్పుడు, అమ్మ కావాల్నా మొగుడు కావాల్నా అని నీ భార్యను అడిగినారా?

బురుజు కాడ: నర్సమ్మ ఎవరొస్తారనింది, నేను లేచినా.

చెనిక్కాయల అక్క: ఆమెను అడిగినారా అంటాండా.

బురుజు కాడ: ఇప్పుడు అడిగొస్తినక్కా. పాపకు పాలిస్తా ఉంది, తలెత్తలా. పొద్దున్నుంచి అమ్మ ఉండి, ఆఖర్న నువ్వొచ్చింటే బాగుండు అనింది. ఫ్లాస్కులో కాపీ నాకోసమే తెచ్చిండాది అమ్మ, అట్లనే సల్లారిపాయ, అనింది.

జీవో గుమాస్తా: మధ్యలో మనిషిని మార్చుకోవచ్చా అని మీ ఆసుపత్రిలో అడిగినారా?

లోడు బండి: గుమాస్తా, రోంతసేపు గమ్మునుండప్పా.