ఇంటీరియర్ డిజైనర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: పాత ఇల్లు బాగుచేయిస్తున్నాం. వంటగది, రెండు బెడ్‌రూముల్లో వార్డ్‌రోబులు, హాల్లో ఫాల్స్ సీలింగ్. ఒకాయన త్రీడీ బొమ్మలు చూపించాడు, కళ్లు చెదిరాయి, కొటేషన్ మాత్రం ఒక్క పేజీ. ఇంకో ఆవిడ డిజైన్ ఫీజు విడిగా తీసుకుంటుందట, పని ఎవరితో చేయించుకున్నా సరే అంటోంది. చదరపు అడుగు రేటు చూస్తే మొదటాయనే చవక, పైగా ఈ వారంలో అడ్వాన్స్ ఇస్తే డిస్కౌంట్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ డిస్కౌంట్ సంగతి పక్కన పెట్టండి. చదరపు అడుగుకి ఇంత అన్నాడు కదా, దేన్ని కొలిచి? 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న వార్డ్‌రోబుని ముందువైపే కొలిస్తే 56 చదరపు అడుగులు. అదే లోపలి అరలు, పక్క చెక్కలు, వెనక చెక్క అన్నీ విడివిడిగా కొలిస్తే రెండుమూడు రెట్లు ఎక్కడికీ పోదు, రేటు తక్కువగా కనిపించి బిల్లు పేలిపోయేది ఇక్కడే. ఇక ‘ప్లైవుడ్’ అని ఊరికే రాస్తే కుదరదు. ఏ గ్రేడు, ఎన్ని మిల్లీమీటర్లు, హింజ్‌లు, ఛానెళ్లు (డ్రాయర్లు జారే పట్టాలు) ఏ కంపెనీవి, ఏ మోడల్, అన్నీ రాసివ్వమనండి. సింకు కింద బీడబ్ల్యూపీ గ్రేడే (మరిగే నీళ్లనీ తట్టుకునే ప్లైవుడ్) వేయించుకోండి, ఎంఆర్ గ్రేడు గాలిలో తేమని తట్టుకుంటుంది గానీ రోజూ నీళ్లు కారేచోట నిలవదు.

ఇంకో జవాబు: త్రీడీ బొమ్మ చూసి సరే అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కొలతలతో వర్కింగ్ డ్రాయింగులు అడగాలని అప్పుడు తెలియదు. బొమ్మలో స్విచ్ బోర్డు లేదు, గోడ మీద ఉంది! కార్పెంటర్ వార్డ్‌రోబు వెనక చెక్కకి చతురస్రంగా కన్నం కోసి చేతులు దులుపుకున్నాడు. ఇప్పటికీ ఏసీ వేయాలంటే తలుపు తెరిచి, చొక్కాలు పక్కకి జరిపి, చెయ్యి లోపలికి దూర్చాలి. ఒక్కో గోడకీ విడిగా డ్రాయింగ్, స్విచ్‌లూ ప్లగ్‌లూ నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో గుర్తు పెట్టి ఇవ్వాల్సిందే. పాత ఇళ్లలో గోడలు నిటారుగా ఉండవండీ, కింద ఒక కొలత, పైన ఒక కొలత. ప్లాస్టరింగ్, టైల్స్ అయ్యాక మళ్లీ కొలిచాకే చెక్క కోయమనండి.

ప్రశ్న అడిగినవారు: ఫోన్ చేసి డ్రాయింగులు అడిగాను. అడ్వాన్స్ ఇచ్చాక చూద్దాం అన్నాడు. ఆవిడ మాత్రం పాత పని డ్రాయింగులు పంపింది, 14 షీట్లు. కానీ ఫీజు ఎక్కువ కదా అని ఇంట్లో గొడవ.

మొదటి జవాబిచ్చినవారు: ఫీజు తీసుకోనివాళ్లు ఊరికే చేయరు, సామాను ధరలో కలిసిపోతుంది, అంతే తేడా. ఆవిణ్ణి అడగాల్సింది వేరే ఉంది: ఆ ఫీజులో సైటుకి ఎన్నిసార్లు వస్తుంది, కార్పెంటర్ తప్పు చేస్తే పట్టించుకుంటుందా లేదా? ఆవిడ చేయించిన ఇల్లు, రెండేళ్లు దాటింది, ఒకటి చూపించమని సింకు కింద తలుపు తీసి చూడండి, చెక్క అంచు ఉబ్బిందో లేదో తెలుస్తుంది. గోడ ఏదైనా తీసే ఆలోచన ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించాకే, అది డిజైనర్ చెప్పే విషయం కాదు.

ప్రశ్న అడిగినవారు: డబ్బు ఎలా ఇవ్వాలి?

మొదటి జవాబిచ్చినవారు: తేదీల ప్రకారం వద్దు, పని ఎంతవరకు వచ్చిందో చూసి ఇవ్వండి. చివరి విడత, మిగిలిన లోపాల లిస్టు ఇద్దరూ కూర్చుని రాసుకుని, అవన్నీ సరిచేశాకే. ప్రతి డ్రాయర్ మీరే లాగి చూడండి.