చెల్లికి సంబంధాలు చూస్తున్నారు, తెల్లబడే క్రీముతో మొహం పాడవుతోంది. అమ్మకి ఎలా చెప్పాలి?

ఏలూరు అక్క:
అందరికీ నమస్కారం. మా చెల్లి ఎంకామ్ చదివింది, ఉద్యోగం చేస్తోంది. చామనఛాయ, కళగా ఉంటుంది. సంబంధాలు చూడటం మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో అందరి దృష్టీ దాని రంగు మీదే. ఒక సంబంధంలో జాతకాలు కలిసి, కట్నకానుకల దాకా మాటలు వచ్చాక "అమ్మాయి కాస్త రంగు తక్కువ, మా వాడు ఎర్రగా ఉంటాడు" అని మధ్యవర్తితో చెప్పించారు. అప్పట్నుంచి అమ్మకి కంటి మీద కునుకు లేదు. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఒక ట్యూబ్ తెచ్చింది. మొదట్లో నిజంగానే మొహం తెల్లబడింది, ఏం రాస్తున్నావే అని పెద్దమ్మ ఫోన్ చేసి మరీ అడిగింది. ఇప్పుడేమో ఎండలోకి వెళ్తే బుగ్గలు కందిపోయి ఒకటే మంట, గడ్డం నిండా మొటిమలు, పైపెదవి మీద సన్నగా వెంట్రుకలు కూడా వస్తున్నాయి. ఆపితే ఇంకా ఎక్కువవుతోందని భయపడి మళ్లీ అదే రాస్తోంది. ట్యూబ్ మీద హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ అని ఉంది. వచ్చే పెళ్లిచూపులు అయ్యేదాకా మానొద్దని అమ్మ పట్టు. ఏం చేయాలో చెప్పండి.

మందుల కౌంటర్:
అక్కా, మోమెటాసోన్ అంటే స్టెరాయిడ్. ఈ మూడూ కలిపిన మందుని మంగు మచ్చలకి డాక్టర్ కొద్దికాలం, మచ్చ ఉన్నచోట మాత్రమే రాయమంటారు. స్టెరాయిడ్ చర్మంలోని రక్తనాళాల్ని కుంచింపజేస్తుంది, హైడ్రోక్వినోన్ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా అడ్డుకుంటుంది, అందుకే మొదట్లో తెల్లబడినట్టు కనిపిస్తుంది. మొహమంతా నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మీరు చెప్పిన మంట, మొటిమలు, వెంట్రుకలు అన్నీ వస్తాయి. మానేయగానే అప్పటిదాకా అణిగి ఉన్న వాపు తిరగబెడుతుంది. ఇంతమంది దీన్ని వదల్లేకపోవడానికి కారణం అదే. చర్మం డాక్టర్లు దీన్ని టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్, అంటే స్టెరాయిడ్ పూత వల్ల పాడైన మొహం అంటారు, మన దేశంలో చాలా మామూలైపోయింది. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద ఎలా అమ్ముడవుతున్నాయో రోజూ చూస్తున్నాను, బాధేస్తుంది.
ట్యూబ్ పట్టుకుని వెంటనే డెర్మటాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఎలా మాన్పించాలో వాళ్లు చూసుకుంటారు. ఈలోగా నిమ్మకాయ, సున్నిపిండి, బ్లీచ్, ఫేషియల్ ఏవీ వద్దు.

రాయచోటి నుంచి:
మీ ట్యూబ్ మీద కనీసం మందుల పేర్లున్నాయి. మా వైపు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చే డబ్బాల మీద అదీ ఉండదు. అలాంటి కొన్నిటిలో పాదరసం ఉంటుంది, అది కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. కేరళలోని కొట్టక్కల్‌లో ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లలో చాలామంది తెల్లబడే క్రీములు వాడినట్టు డాక్టర్లు గుర్తించారు, 2023లో పేపర్లలో కూడా వచ్చింది. మీ పెద్దమ్మకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, ఆవిడ కూడా ఏదో ఒకటి కొనేలా ఉన్నారు.

పెళ్లికూతురి మేనమామ:
డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మంచిదే. కానీ లోకం తీరు కూడా చూడాలి కదమ్మా. మగపెళ్లివారు ముందు చూసేది మొహమే. ఈ ఒక్క సంబంధం కుదిరేదాకా ఏదోలా నెట్టుకొస్తే తర్వాత తీరిగ్గా వైద్యం చేయించుకోవచ్చు.

సూర్యాపేట టీచర్:
మేనమామ గారూ, తర్వాత అంటే ఎప్పుడండీ? పెళ్లయ్యాక క్రీము మానేసి మొహం ఎర్రగా పొక్కితే అత్తారింట్లో ఆ పిల్ల పడే మాటలు ఎవరు పడతారు? పైగా గర్భం వస్తే ట్రెటినాయిన్ వాడకూడదు.
ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు. అదే ఏడాది పెళ్లి సంబంధాల సైట్ షాదీ డాట్ కామ్ కూడా రంగును బట్టి వెతికే ఫిల్టర్ తొలగించింది. అయినా మా ఊళ్లో మధ్యవర్తులు ఫోన్ ఎత్తగానే అడిగేది అమ్మాయి రంగే, చదువు ఆ తర్వాతే.
అక్కా, మీ అమ్మగారితో గొడవ పడకండి. ఆవిడ కూతురి మీద ప్రేమ లేక చేయలేదు, సంబంధం తప్పిపోయిందన్న భయంతో చేశారు. డాక్టర్ దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్లండి, మీరు వందసార్లు చెప్పినా వినని మాట అక్కడ వింటారు. స్టూడియోలో తెల్లగా దిద్దిన ఫొటో ఉంటే తీసేసి మామూలు ఫొటో పంపించండి, అమ్మాయి చామనఛాయ అని నాన్నగారే మధ్యవర్తికి ముందే చెప్పేస్తే కాదనేవాళ్లు మీ గుమ్మం దాకా రారు. ముఖ్యంగా ఒక్కసారి మీ చెల్లిని కూర్చోబెట్టి, అసలు ఇప్పుడు పెళ్లిచూపులకి కూర్చోవాలని ఉందా అని అడగండి. మీ పోస్టు మొత్తంలో అందరి మాటా ఉంది, తన మాట ఒక్కటీ లేదు.

ఏలూరు అక్క:
అడిగాను టీచర్ గారూ. చాలాసేపు ఏడ్చింది, మొహం నయమయ్యేదాకా ఎవరి ముందూ కూర్చోనంది. నాన్న మధ్యవర్తికి ఫోన్ చేసి పెళ్లిచూపులు వద్దని చెప్పేశారు. అమ్మ ఇంకా అలిగే ఉంది కానీ శనివారం మాతో ఆసుపత్రికి వస్తానంది. మందుల కౌంటర్ గారూ, చెల్లి రోజూ బండి మీద ఆఫీసుకి వెళ్తుంది, శనివారం దాకా ఎండకి స్కార్ఫ్ కట్టుకుంటే సరిపోతుందా, సన్‌స్క్రీన్ కూడా రాయొచ్చా?