‘ష్-బూమ్’ని కవర్ చేసినవాళ్లు దోచుకున్నారా, జనానికి చేర్చారా?

పాతపాటలపిచ్చి:
1950ల్లో తెల్ల గాయకులు కవర్ చేయబట్టే, అంటే వేరేవాళ్ల పాటని మళ్లీ తాము పాడి రికార్డు చేయబట్టే, డూ-వాప్ (అర్థంలేని పలుకులు కలిపి బృందంగా పాడే అమెరికా నల్లవాళ్ల పాటలు) పదిమందికీ తెలిసిందని ఒక మిత్రుడు నాతో వాదించాడు. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. 1954లో న్యూయార్క్ బ్రాంక్స్ నల్లజాతి కుర్రాళ్లు, ‘ది కార్డ్స్’, సొంతంగా రాసుకున్న ‘ష్-బూమ్’ పాడారు. అది పైకి వస్తుండగానే మెర్క్యురీ రికార్డుల కంపెనీ కెనడా తెల్ల బృందం క్రూ-కట్స్‌తో అదే పాట పాడించి వదిలింది, వాళ్లది వారాల తరబడి నంబర్ 1లో కూర్చుంది. కార్డ్స్‌కి మళ్లీ అలాంటి హిట్టే లేదు. రెండూ వెంట వెంటనే వినండి. కార్డ్స్ పాట మధ్యలో శాక్సోఫోన్ అందుకుంటుంది చూడండి, అక్కడ పాట ఒక్కసారి ఒళ్లు విరుచుకుని లేచినట్టుంటుంది. క్రూ-కట్స్‌లో పెద్ద ఆర్కెస్ట్రా, మధ్యమధ్యలో ధన్‌మని మోగే డ్రమ్ము, అంతా ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. నేనైతే దోపిడీ అనే అంటాను.

గోదారిగట్టు:
దోపిడీ అనేది పెద్ద మాటండీ. అమెరికాలో 1909 కాపీరైట్ చట్టం ప్రకారం అప్పట్లో పాట ఒకసారి రికార్డయ్యాక ఎవరైనా పాడుకోగలిగేవారు, కాపీకి 2 సెంట్లు కడితే సరిపోయేది. 1955లో నల్లజాతి గాయకుడు ఫ్యాట్స్ డామినో ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ని తెల్ల గాయకుడు ప్యాట్ బూన్ పాడితే నంబర్ 1 అయింది, డామినో కూడా రచయితే కాబట్టి ఆయనకీ డబ్బొచ్చింది. అన్నట్టు, కార్డ్స్ రికార్డు మొదటి వైపు ఏ పాట ఉందో తెలుసా? తెల్ల గాయని ప్యాటీ పేజ్ హిట్‌కి కవర్! ‘ష్-బూమ్’ వెనక వైపు పాట. ఆ రోజుల్లో అందరూ అందరివీ పాడారు.

శారద_గుంటూరు:
గోదారి గారూ, ఆ 2 సెంట్లు రాసినవాళ్లకీ పబ్లిషర్‌కీ. పాడినవాళ్లకి ఏం మిగిలింది? నల్లజాతి గాయని లావెర్న్ బేకర్ ‘ట్వీడిల్ డీ’ ఆమె రాసిన పాట కాదు, ఆమె గొంతుతో నిలబడిన పాట. తెల్ల గాయని జార్జియా గిబ్స్ ఆ అరేంజ్‌మెంట్‌ని, అంటే వాయిద్యాలూ గొంతులూ కూర్చిన తీరుని, దాదాపు అలాగే దించేసి అమ్ముకుంది. బేకర్ ఊరుకోలేదు, 1955లో అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కి ఉత్తరం రాసింది, అరేంజ్‌మెంట్‌కి కూడా రక్షణ కావాలని. చట్టం మాత్రం మారలేదు. నాకు ఇది ఎందుకు గుచ్చుకుంటుందంటే, చిన్నప్పుడు మా నాన్న బస్టాండులో ఒక క్యాసెట్ కొన్నారు, అట్ట మీద ‘ఘంటసాల పాటలు’ అని ఇంత లావు అక్షరాలు. ఇంటికొచ్చి పెడితే వేరే గొంతు. అట్ట తిప్పి చూస్తే ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఎవరిదో పేరు. నాన్న పాట సగంలోనే ఆపేశారు, ఆయన మొహం నాకింకా గుర్తుంది. పాట అదే, వరస అదే, అయినా మోసమే కదా.

వెన్నెల76:
శారదక్కా, మరి అన్ని కవర్లనీ ఒకే గాటన కట్టేద్దామా? ‘ఐ ఓన్లీ హ్యావ్ ఐస్ ఫర్ యూ’ 1934 నాటి సినిమా పాట, 1959లో ఫ్లెమింగోస్ అనే డూ-వాప్ బృందం దాన్ని తీసుకుని వెనక ఆ ‘షూ-బాప్ షూ-బాప్’ పెట్టి, గొంతులన్నీ దూరం నుంచి, నీళ్లలోంచి వస్తున్నట్టు చేశారు. ‘బ్లూ మూన్’ కూడా 1934దే, 1961లో మార్సెల్స్ అనే మరో డూ-వాప్ బృందం చేతిలో పడ్డాక మొదట్లో వచ్చే ఆ బేస్ (బాగా లోతైన) గొంతు వినకుండా ఆ పాటని ఊహించుకోలేం. తీసుకున్నవాడు ఏం కలిపాడన్నదే నాకు ముఖ్యం. క్రూ-కట్స్ ఏం కలిపారు? పైగా కొత్త పాటని, ఇంకా అమ్ముడవుతుండగానే తీసుకున్నారు, పాతికేళ్లు ఆగి కాదు.

గోదారిగట్టు:
శారద గారి క్యాసెట్ మాట కాదనలేను. అసలు గాయకులకి నష్టం జరిగింది, ఒప్పుకుంటున్నా. కానీ తప్పు కవర్‌ది కాదు, పెద్ద కంపెనీల పంపిణీదీ రేడియోదీ. 1955లో నల్లజాతి బృందం ప్లాటర్స్ పాడిన ‘ఓన్లీ యూ’ని తెల్ల బృందం హిల్‌టాపర్స్ కవర్ చేసినా గెలిచింది ప్లాటర్సే. ఎందుకు? వాళ్లు ఉన్నది మెర్క్యురీలో, మీరు తిడుతున్న అదే మెర్క్యురీ.

పాతపాటలపిచ్చి:
అన్నా, అదే నిజమైతే మరో నల్లజాతి డూ-వాప్ బృందం పెంగ్విన్స్ సంగతేంటి? లాస్ ఏంజెలెస్‌లో ఒక గ్యారేజీలో వాళ్లు రికార్డు చేసిన ‘ఎర్త్ ఏంజెల్’ చిన్న రికార్డు కంపెనీ మీదే పాప్ చార్టులో 8వ స్థానం దాకా వెళ్లింది, క్రూ-కట్స్ కవర్ 3 దాకా. ఆ తర్వాత పెంగ్విన్స్ కూడా ప్లాటర్స్‌తో పాటే, అదే మేనేజర్ బక్ రామ్ వెంట మెర్క్యురీకి వెళ్లారు. పెద్ద కంపెనీ, పెద్ద పంపిణీ, అన్నీ దొరికాయి. ఇంకొక్క పెద్ద హిట్ రాలేదు వాళ్లకి. దీనికి మీరేమంటారో చెప్పండి.