గాజు మేడలకు సిరా పట్టేదెలా?

సుధ (షాంఘై):
రెండేళ్లుగా ఇక్కడ వారానికోసారి చైనా సిరా బొమ్మలు నేర్చుకుంటున్నాను. వెదుళ్లు, కొండలు బానే కుదురుతున్నాయి. హువాంగ్‌పు నది ఇవతలి గట్టు నుంచి కనిపించే లూజియాజుయ్ మేడలు వేద్దామని కూర్చుంటే నాలుగు కాగితాలు పాడయ్యాయి. ఓరియంటల్ పెర్ల్ టవర్ గుండ్లు ఎలాగో వచ్చాయి. షాంఘై టవర్ దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. స్కేలు పెడితే ఇంజనీరు ప్లానులా ఉంది, చేత్తో గీస్తే వంకర. కిటికీల చుక్కలు ఒకదాన్లోకొకటి పాకి మసిగుడ్డలా తయారైంది. కొండకైతే రాతి ముడతలు గీయడం నేర్పారు. గాజుకి ముడతలేవి?

డ్రాయింగు మాస్టారు:
స్కేలు పెట్టడం తప్పు కాదమ్మా. చైనాలో దానికో శాఖే ఉంది, జ్యేహువా అంటారు. చీల్చిన వెదురు ముక్కలో కుంచెను ఆనించి, దాన్ని బద్ద వెంట జరుపుతారు. సుంగ్ రాజుల కాలపు చిత్రకారుడు ఝాంగ్ జదువాన్ అందులో సిద్ధహస్తుడు. ఆయన నగరం బొమ్మ 5 మీటర్ల 28 సెంటీమీటర్ల చుట్ట. అందులో వంతెన దగ్గర చూడు: పడవ తెరచాప కొయ్య దించుతూ సరంగులు కంగారు పడుతుంటారు, పైనుంచి జనం వంగి కేకలేస్తుంటారు. అన్ని ఇళ్లున్నా అది ప్లానులా లేదంటే వాళ్ల వల్లే. నీ బొమ్మలో మనుషులున్నారా?

నీలవేణి:
సుధ గారూ, పాకడం కాగితం వల్ల. మీది పచ్చి షువాన్ అయ్యుంటుంది, అంటే పూతలేమీ పట్టించని చైనా బొమ్మల కాగితం. కిటికీలకు పటిక, జిగురు పట్టించినది కొనుక్కోండి, సిరా గీసినచోటే నిలుస్తుంది. అసలు అన్ని కిటికీలూ ఎందుకండీ? చైనా చిత్రకారుడు వూ గ్వాన్‌జోంగ్ 1981లో వేసిన ‘రెండు వానకోయిలలు’ చూడండి. పొడుగాటి గోడంతా ఉత్త కాగితమే, నల్లటి తలుపులు రెండు మూడు. అయినా అది గోడ కాదని ఎవరూ అనలేరు.

సుధ (షాంఘై):
మాస్టారూ, ఒక్క మనిషీ లేడండి. నిన్న మళ్లీ వెళ్లాను. జూన్ ముసురు కదా, 632 మీటర్ల టవర్ సగం పైన మబ్బులో కలిసిపోయింది. ఆ సగం తెల్లగానే వదిలేశాను. మిగతా దానికి నీళ్లు కలిపిన సిరాతో ఒక్క పూత, అంతే. కింద రేవులో ఫెర్రీ దిగి, రెయిన్‌కోట్లతో స్కూటర్ల మీద బారుగా వస్తున్న ఏడుగురిని చిక్కటి సిరాతో వేశాను. కాగితం పచ్చిదే వాడాను నీలవేణి గారూ. చివరి స్కూటరు చక్రం తడిలోకి పాకింది, అలాగే ఉంచేశాను.